అంధురాలి అంగడి

అవతారము అను శబ్దమునకు వ్యుత్పత్తి సుస్పష్టము. 'అవ' అను ఉపసర్గతో కూడిన 'తౄ' ధాతువునుండి పుట్టిన ఈ పదమునకు దిగివచ్చుట అని అర్థము. నిత్యముక్తుడైన ఈశ్వరుడు లోకానుగ్రహమునకై తన మహిమను మరుగుపరచుకొని, మత్స్యమై, కూర్మమై, నరుడై దిగివచ్చును. జీవుడు సాధనచేత పైకెక్కుటకు శాస్త్రములలో వేరు పేరులు గలవు: ఆరూఢుడు, స్థితప్రజ్ఞుడు, జీవన్ముక్తుడు. ఎంతటి ఆరూఢుడైనను అతనిని అవతారమనుట ఉపచారమాత్రమే.

1985వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ఒక కంప్యూటరు ఆట ఈ పదమును తలక్రిందులుగా గ్రహించినది. దాని పేరు 'అల్టిమా నాలుగు: క్వెస్ట్ ఆఫ్ ది అవతార్'. అందు దిగివచ్చు దేవుడెవ్వడును లేడు; ఎనిమిది గుణములను సాధించి అవతారుడు కావలసిన సామాన్యమానవుడు కలడు. ఆ మానవుడు ఆటగాడే. నేడు కంప్యూటరు తెరపై మనుష్యునికి బదులుగా నిలుచు బొమ్మను 'అవతార్' అని లోకమంతయు పిలుచుచున్నది. ఆ వాడుకకు బాట వేసిన తొలి ఆటలలో ఇది ఒకటి. శబ్దార్థము చెడినదని పండితులు నొచ్చుకొనుట న్యాయమే. కాని నొచ్చుకొని అంతటితో ఆగిపోయినచో, ఆ ఆటలోని ఒక చిన్న అంగడి సంగతి తెలియకపోవును. ఆ అంగడికొరకే ఈ వ్యాసము.

ఆట నిర్మాత రిచర్డ్ గారియట్. 1961లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున జన్మించి టెక్సస్‌లో పెరిగినవాడు. తండ్రి ఓవెన్ గారియట్ వ్యోమగామి. 1973లో స్కైలాబ్ అను అంతరిక్షకేంద్రమున రెండు మాసములకు ఒక దినము తక్కువగా నివసించి వచ్చెను. కుమారుడును 2008లో స్వీయవ్యయముతో అంతరిక్షమునకు పోయి వచ్చెను. నిజముగా పైకెక్కి మరల దిగివచ్చిన కుటుంబమది!

1981 మొదలు వెలువడిన అల్టిమా మొదటి మూడు భాగములందును కథ ఒకటే. ఒక దుష్టుడు కలడు, వానిని సంహరింపవలెను. సంహారమునకు ముందు ఆటగాడు ఊరిలోని అంగళ్లను దోచుకొనవచ్చును, పౌరులను చంపవచ్చును. ఫలితమునకు భంగము లేదు. మూడవ భాగపు అట్టపై దయ్యపు బొమ్మ ఉండుటచే అది పిల్లలను చెడగొట్టు ఆట యని నిందలు వచ్చినవి. అదే కాలమున ఆటగాండ్రు వ్రాసిన ఉత్తరములు మొదటిసారిగా నేరుగా నిర్మాతకు చేరినవి. తమ ధీరోదాత్తనాయకుడు ఎట్లు గెలిచెనో వారు వర్ణించిరి: ఎదురైనవారినెల్ల చంపి, దొరికినదెల్ల దోచి. నింద అసత్యమైనను ఉత్తరములు సత్యములు. అతడు ఆలోచనలో పడెను. ఆ సమయమున టెలివిజనులో హిందూధర్మమును గూర్చి ప్రసారమైన ఒక కార్యక్రమమున అవతారపురుషులకు పదునారు సుగుణములుండునని వినెను. నాలుగవ భాగమునకు బీజము అదియే.

పదునారు అనగానే తెలుగు పాఠకునకు బాలకాండ ప్రథమసర్గమున వాల్మీకి నారదుని అడిగిన గుణములు స్ఫురించును. కొందరికి శ్రీకృష్ణుని షోడశకళలు. గారియట్ పదునారును ఎనిమిదికి కుదించెను. సత్యము, ప్రేమ, ధైర్యము అను మూడు మూలతత్త్వములను గైకొని, వాని మేళనముచే అష్టగుణములను కల్పించెను. సత్యమునుండి సత్యసంధత, ప్రేమనుండి కరుణ, ధైర్యమునుండి శౌర్యము. సత్యప్రేమల కలయిక న్యాయము. ప్రేమధైర్యముల కలయిక త్యాగము. సత్యధైర్యముల కలయిక మర్యాదాపాలనము. మూడును కలిసినచో ఆధ్యాత్మికత. మూడింటిలో ఏదియు లేని ఎనిమిదవది వినయము. ఈ మూడు తత్త్వములకు మరియొక మూలము 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' అను సినిమాయని అతడే చెప్పుకొనినాడు. అవతారశబ్దము భారతదేశపుది, తత్త్వత్రయము హాలీవుడ్డుది, ఆటపెట్టెలో చిహ్నముగా ఉంచిన లోహపు బిళ్ల ప్రాచీన ఈజిప్టుది. అక్కడక్కడ ఏరుకొనినదే యైనను మధుకరవృత్తిని ఆక్షేపింపనక్కరలేదు. తేనె అయినదా కాలేదా అన్నదే ప్రశ్న.

ఎనిమిది అను సంఖ్యకు మాత్రము ధర్మశాస్త్రమున గట్టి సమాంతరము కలదు. గౌతమధర్మసూత్రము నలువది సంస్కారములను చెప్పి, పిదప ఎనిమిది ఆత్మగుణములను చెప్పుచున్నది: సర్వభూతదయ, క్షమ, అనసూయ, శౌచము, అనాయాసము, మంగళము, అకార్పణ్యము, అస్పృహ. సంస్కారములు నలువదియు జరిగినను ఈ ఎనిమిది లేనివాడు బ్రహ్మసాయుజ్యమునకు అర్హుడు కాడనియు, సంస్కారములలో కొన్నియే కలిగినను ఈ ఎనిమిది గలవాడు అర్హుడనియు సూత్రకారుని నిర్ణయము. గర్భాధానాది కర్మకాండను అంత శ్రద్ధతో విధించిన ఋషియే ఈ మాట చెప్పుట గమనింపదగినది. ఆ గ్రంథము గారియట్ చూచియుండవలసిన పనిలేదు. రెండు వేర్వేరు లోకములలో రెండు అష్టకములు ఏర్పడినవి, అంతే.

ఇక ఆట. హైదరాబాదులో సాఫ్టువేరు వృత్తిలో నున్న ఒక గృహస్థుడు, వయస్సు నలువదియైదు దాటినవాడు, ఇంటర్నెట్‌లో ఉచితముగా లభించు ఈ పాత ఆటను తన కంప్యూటరులోనికి దించుకొని, రాత్రులు ఇంటిల్లిపాది నిద్రించిన పిదప ఆడుచుండెను. నేటి ఆటల వైభవమేమియు అందు లేదు. చదరపు గళ్ల నేల, గడికొక చిన్న బొమ్మ. నిలువున 256, అడ్డమున 256 గళ్ల ప్రపంచము. ఊరివారితో మాటలాడవలెనన్న ఒక్కొక్క పదమును టైపు చేయవలెను. పేరు, వృత్తి, కుశలము అడుగవలెను. వారు చెప్పిన మాటలోనుండి మరియొక ప్రశ్న తీయవలెను. దొరికిన సంగతిని కాగితముపై వ్రాసికొనవలెను. ఆ గృహస్థుని నోటుపుస్తకము నెల తిరుగకుండ నిండిపోయినది.

ఆట ఆరంభమున ఎరుకలసాని వంటి ఒక జోస్యురాలు ఏడు ప్రశ్నలు వేయును. ఆటగాని పాత్రను నిర్ణయించునవి అవే. ప్రతి ప్రశ్నయు ఒక ధర్మసంకటము. ఉదాహరణమునకు: లెక్కపెట్టని నాణెముల సంచి నొకదానిని ఒకచోట చేర్చుటకు నీకు అప్పగించిరి. త్రోవలో బిచ్చగాడు ఎదురయ్యెను. ఒక్క నాణెము తీసి ఇచ్చినను ఎవరికిని తెలియదు. ఇత్తువా, సంచిని ఉన్నదున్నట్లు చేర్చెదవా? ఒకవైపు కరుణ, ఒకవైపు సత్యసంధత. రెండును ధర్మములే యగుటచే తప్పు సమాధానమనునది లేదు. ఏ గుణము గెలిచినదో అది మరియొక గెలిచిన గుణముతో పోటీపడును, తుదకొక్కటి నిలుచును. కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పిన కౌశికుని కథ నెరిగినవారికి ఇట్టి ప్రశ్నలు క్రొత్త కావు. సత్యవ్రతుడనని దొంగలకు త్రోవ చూపి, దాగినవారి చావునకు కారణమై నరకమునకు పోయినవాడతడు. హైదరాబాదు గృహస్థుడు చిన్ననాట తండ్రి ఒడిలో హరిశ్చంద్రుని కథ విన్నవాడు. ఏ ప్రశ్నకైనను సత్యమునే ఎన్నుకొనెను. ఆ కారణమున ఆటలో మాంత్రికుడై, సత్యసంధతకు నిలయమైన మూన్‌గ్లో అను పట్టణపు చెంత ప్రయాణము ప్రారంభించెను.

మాంత్రికునకు మూలికలు కావలెను. గంధకభస్మము, జిన్‌సెంగ్ వేరు, వెల్లుల్లి, సాలెపట్టు, నెత్తురు రంగు నాచు, నల్లముత్యము. ఈ ఆరును అంగడిలో దొరకును. అంగడి నడుపునది ఒక అంధురాలు. కావలసిన సరకు, పరిమాణము చెప్పిన పిదప ఆమె ధర చెప్పును. ఎంత చెల్లించుచున్నావని ఆట అడుగును. ఆటగాడు ఒక సంఖ్యను టైపు చేయవలెను. డెబ్బది నాణెముల సరకునకు ఒక్క నాణెము వేసినను ఆమె కాదనదు, లెక్కింపలేదు, సరకు చేతికి వచ్చును. కావలివాడు రాడు, గంట మ్రోగదు. తెరపై ప్రాణబలము, ఆహారము, బంగారము కనబడుచుండును; పుణ్యమెంత, పాపమెంత అన్నది ఎక్కడను కనబడదు.

మీమాంసకులు ఈ స్థలమును చూచినచో మందహాసము చేసియుందురు. యాగము నేడు ముగియును. స్వర్గము దేహాంతరమున లభించును. నశించిన క్రియ కాలాంతరఫలమును ఎట్లు ఇచ్చునన్న ప్రశ్నకు వారి సమాధానము అపూర్వము. క్రియ నశించినను దానినుండి పుట్టిన ఒక అదృశ్యశక్తి కర్తను ఆశ్రయించి నిలిచి, తగిన కాలమున ఫలించును. ఆ ఆట నిర్మాత సరిగా అపూర్వమునే యంత్రములో పెట్టినాడు. ప్రతి గుణమునకు లోపల ఒక సంఖ్య కలదు. అంధురాలిని మోసగించినచో సత్యసంధత మాత్రమే గాక న్యాయము, మర్యాదయు తగ్గును. ఒక మోసముచే పోవునది, ఒక నిజాయితీచే వచ్చుదానికన్న పలురెట్లు అధికము. ఆటగాడు దానిని చూడలేడు. రాజప్రాసాదమున హాక్‌విండ్ అను ఒక ద్రష్ట కలడు. ఏ గుణమును గూర్చి అడిగినను నీ స్థితి ఇట్టిదని మాటలతో సూచించును, సంఖ్య చెప్పడు.

గృహస్థుడు మొదటి రెండు వారములు పూర్తి ధర చెల్లించెను. పిదప ఒక గుహలో సహచరులు ఇద్దరు మరణించిరి, బంగారము అయిపోయెను. అంగడికి వచ్చి ముప్పదికిపైగా ధర పలికిన మూలికలకు రెండు నాణెములు వేసెను. డబ్బు రాగానే ఎక్కువ చెల్లింతునని మనస్సులో అనుకొనెను. ఆమె అంతకు ముందు వలెనే సరకు ఇచ్చెను. మరునాడును అట్లే చేసెను. మూడవ రాత్రి బంగారము చేతనుండగనే చేసెను.

ఇక్కడ ఒక ఆక్షేపము పుట్టును. ఆమె ఒక బొమ్మ. బొమ్మకు నష్టము లేదు, ఆకలి లేదు. నష్టపడినవారు లేనిచోట దోషమెక్కడిది? జైనవాఙ్మయమున ప్రసిద్ధమైన యశోధరుని కథ ఈ ఆక్షేపమునకు సమాధానముగా నిలుచును. జీవహింసకు వెనుదీసిన యశోధరుడు తల్లి నిర్బంధముచే పిండితో చేసిన కోడిని బలి ఇచ్చెను. కోడికి ప్రాణము లేదు. కత్తి ఎత్తిన సంకల్పమునకు ప్రాణము కలదు. ఆ సంకల్పము తల్లీకొడుకులను అనేక తిర్యగ్జన్మలకు ఈడ్చినది. వైదికసంప్రదాయమున పిష్టపశువును సమ్మతించినవారు కలరు. ఆ వాదము ఇక్కడ అప్రస్తుతము. మానసికము, వాచికము, కాయికము అని కర్మ త్రివిధమనుటలో ఏ సంప్రదాయమునకును విప్రతిపత్తి లేదు. ఎదుటివాడు బొమ్మయైనప్పుడు వాచికకాయికములు రాలిపోయి మానసికమొక్కటియే శుద్ధముగా మిగులును. కనుక బొమ్మ విషయమున సంకల్పదోషము తక్కువగా కాదు, స్పష్టముగా కనబడును.

గారియట్ ఈ సంగతిని ఎరుగకపోలేదు. ఆటలోని నాయకుడు పరాయి పాత్ర కాదు, ఆడువాడే ఆటలోనికి వచ్చినాడు అని అతడు పట్టుపట్టినది ఇందుకే. జోస్యురాలి ప్రశ్నలకు ఆటగాడు తన మనస్సాక్షితో సమాధానము చెప్పినాడు. ఆ పని మాంత్రికుడు చేసినాడు, నేను గాదు అని తప్పించుకొను ద్వారము ముందే మూయబడినది.

గృహస్థుడు హాక్‌విండ్‌ను అడిగెను. సమాధానము కఠినముగా వచ్చినది. అప్పుడతడు ప్రాయశ్చిత్తమునకు పూనుకొనెను. ఆ పూనుకొనుటలోనే రెండవ పతనము కలదు. అంగడికి పోయి అవసరము లేకున్నను కొద్దికొద్దిగా వెల్లుల్లి కొని, ప్రతిమారు సరియైన ధర చెల్లింపసాగెను. ఒక కొనుగోలు, ఒక నిజాయితీ. బిచ్చగానికి ఒకమారు వంద ఇచ్చుటకన్న ఒక్కొక్క నాణెము పలుమారులు ఇచ్చుట లాభమని గ్రహించెను. వైద్యశాలలో రక్తదానమును కూడ ప్రాణబలము లెక్కచూచుకొని చేసెను. శాస్త్రభాషలో ఇది కామ్యకర్మ. ఫలమును కోరి చేసిన కర్మకు ఫలము వచ్చును, చిత్తశుద్ధి రాదు. కొన్ని వారములకు ద్రష్ట సంతృప్తి చెందెను. ఆడువాడు చెందలేదు.

ఫలము పక్వమైన పిదప ఆటగాడు ఆ గుణపు ఆలయమునకు పోయి ధ్యానము చేయవలెను. గుణమునకొక శిలాక్షరము, ఒక మంత్రము. శిలాక్షరము లేనిదే ఆలయప్రవేశము లేదు. మంత్రమును ఎవ్వరును అడుగకయే చెప్పరు, ఊరూర తిరిగి తెలిసికొనవలెను. మంత్రములు అహ్మ్, ము, రా, బెహ్, కా, సుమ్మ్, ఓం, లుమ్. వీనిలో ఆధ్యాత్మికతకు చెప్పిన ప్రణవమొక్కటియే శ్రుతిసిద్ధము. తక్కినవి కల్పితములు, జపయోగ్యములు కావు. వినయమంత్రమైన లుమ్ పృథివీబీజమైన లం అను అక్షరమునకు దగ్గరగా వినిపించుట యాదృచ్ఛికమే యైనను, అణకువకు భూమికి గల సంబంధము తెలిసినవారికి ముచ్చట గొలుపును. ఆటలో మరియొక మంచి నియమము కలదు. ఒకమారు ధ్యానము ముగిసిన వెంటనే మరల కూర్చున్నచో, పూర్వధ్యానముచే మనస్సు ఇంకను అలసియున్నదని చెప్పి పంపివేయును. జపసంఖ్యను పరుగుపెట్టించు సాధకులు ఈ నియమమును గమనింపవచ్చును.

లోపలి సంఖ్య తొంబదితొమ్మిదికి చేరి, మూడు ఆవృత్తుల ధ్యానము పూర్తియైనప్పుడు ఆ గుణమున సిద్ధి లభించును. అప్పుడు యంత్రములో ఆ సంఖ్య సున్న యగును. ప్రోగ్రామును విప్పి చూచినవారికి మాత్రమే తెలియు విషయమిది. కేవలము నిర్మాణసౌలభ్యమునకై చేసినదే కావచ్చును. కాని సిద్ధించిన గుణమునకు లెక్క ఉండదు, లెక్క ఉన్నంతవరకు సిద్ధి లేదు అని వేదాంతి ఒకడు దీనిని వ్యాఖ్యానించిన కాదనుట కష్టము. సిద్ధి పొందిన పిదప మరల అంధురాలిని మోసగించినచో ఆ అష్టమాంశము పోవును, మొదటినుండి రావలెను.

సత్యసంధతలో సిద్ధి కలిగిన రాత్రి గృహస్థుడు నిద్రింపలేదు. కారణము ఆటలో లేదు. అతని తండ్రి డెబ్బదితొమ్మిదేండ్ల వృద్ధుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు. రెండు కన్నులకును శుక్లములు ముదిరి అక్షరము కనబడని స్థితి. పింఛను, డిపాజిట్లు, వాని వడ్డీ అన్నియు కుమారుడే చూచుచుండెను. వ్రేలు పెట్టి చూపినచోట తండ్రి సంతకము చేయును. ఏడాదిన్నరగా ఆ వడ్డీలో కొంత కుమారుని ఇంటిఋణపు వాయిదాలకు పోవుచుండెను. దొంగతనమని అతడు ఎన్నడును తలంపలేదు. తిరిగి వేయుదునని అనుకొనెను. ఉమ్మడి ఇల్లే గదా అనుకొనెను. నాన్నగారు అడిగినచో చెప్పుదుననుకొనెను. నాన్నగారు అడుగలేదు. ధర చెప్పి, చేయి చాచి, ఇచ్చినది పుచ్చుకొని, సరకు ఇచ్చు అంధురాలికిని ఆయనకును భేదమేమో ఆ రాత్రి అతనికి తోచలేదు.

మరునాటి ఆదివారము ఉదయము పాసుపుస్తకము తీసికొని తండ్రి మంచము ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండెను.

"నాన్నగారూ, లెక్కలు చదువుతాను, వినండి."

"ఇప్పుడెందుకురా ఇదంతా? నువ్వు చూస్తున్నావుగా."

"చూస్తున్నాను గనకే చదువుతానంటున్నాను."

తేదీ, మొత్తము, ఎక్కడికి పోయినది, వరుసగా చదివెను. తన వాయిదాలకు మళ్లిన మొత్తముల వద్ద స్వరము తగ్గినది గాని ఆగలేదు. తండ్రి కన్నులు మూసికొని వినెను. మధ్యలో ఒకచోట, "అది ఏ నెల అన్నావు?" అని మాత్రము అడిగెను. చదువుట ముగిసిన తరువాత చాలసేపటికి, "కాఫీ పెట్టమను" అనెను. తండ్రికి ముందే తెలియునా, అప్పుడే తెలిసినదా అన్నది కుమారునకు నేటికిని తెలియదు. బాకీ నెలనెల తిరిగి జమ యగుచున్నది. ఇందు యంత్రము చేసినదేమియు లేదు; అద్దమును చూచి ముఖము కడుగుకొన్నచో ఆ పని నీటిదే గాని అద్దముది గాదు. అయినను గది నుండి అద్దమును తీసివేయుమని ఎవ్వరును చెప్పరు.

తక్కిన గుణములను గూర్చి విస్తరింపనక్కరలేదు. శౌర్యము కావలెనన్న దుష్టసత్త్వములముందు వెన్ను చూపరాదు. న్యాయము, కరుణ కావలెనన్న పాము వంటి సహజప్రాణి పారిపోవునప్పుడు వెంటాడి చంపరాదు. పలాయితుని కొట్టరాదన్న యుద్ధధర్మము తెలిసినవారికి ఇది తేలిక. సముద్రగర్భమున ఒక పుర్రె కూడ దొరకును: పూర్వభాగపు మాంత్రికదుష్టుడైన మాండెయిన్‌ది. దానిని ప్రయోగించినచో చుట్టునున్న సర్వప్రాణులు నశించును, ఆటగాని గుణములన్నియు కూలిపోవును. దానిని అగాధములో పారవేయువాడే ధన్యుడు. అశ్వత్థామ చేత బ్రహ్మశిరోస్త్రము పడినప్పటి కథ చదివిన పాఠకులకు వ్యాఖ్య అవసరము లేదు.

వినయము మాత్రము వేరు. ఆటలోని మూడు మూలతత్త్వములకు మూడు రంగులు: సత్యమునకు నీలము, ప్రేమకు పసుపు, ధైర్యమునకు ఎరుపు. కలయికలకు కలయిక రంగులు. మూడును కలిసిన ఆధ్యాత్మికతకు తెలుపు. ఏదియు లేని వినయమునకు నలుపు. మూలతత్త్వమేదియు లేనిది గుణమెట్లగునని గృహస్థుడు నోటుపుస్తకమున వ్రాసికొని క్రింద గీత గీసినాడు. గీత పదుమూడవ అధ్యాయమున జ్ఞానసాధనములను ఇరువదిగా లెక్కించునప్పుడు మొట్టమొదటిది అమానిత్వము. అది 'మానిత్వము లేకుండుట' అను నిషేధరూపమైన పదము. గౌతముని అష్టాత్మగుణములలోను అనసూయ, అనాయాసము, అకార్పణ్యము, అస్పృహ అను నాలుగు నఞ్‌తో కూడినవే. కొన్నింటిని సంపాదింపవలెను, కొన్నింటికి ఉన్నదానిని వదలవలెను. టెక్సస్ యువకునకు ఈ భేదము రంగుల లెక్కలో దొరికినది. అది అతని ప్రతిభయే.

ఆటలో వినయమునకు చేయదగిన పని ఏదియు లేదు. ఇచ్చుటకు నాణెము లేదు, తీయించుకొనుటకు రక్తము లేదు. అక్కడక్కడ ఎవరో నీ గొప్పతనమును గూర్చి అడుగుదురు. అవునన్నచో వినయము తగ్గును, కాదన్నచో పెరుగును. వినయపట్టణమైన మాజిన్షియా గర్వముచే నశించి, పాడుబడిన ఇండ్లతో, ప్రేతములతో నిండియుండును. వినయమునకు గుడికట్టిన ఊరే గర్వించి చెడినదనుట ఆ ఆటలోని మిక్కిలి చేదైన హాస్యము. ఏడు గుణములలో సిద్ధుడైన ఆటగాడు ఎనిమిదవదాని కొరకు అక్కడికి పోవునప్పుడు, ఏడు సాధించితినను స్మృతియే అతనికి శత్రువు. గృహస్థుడు ఆ ఆలయమును అన్నిటికన్న చివర చేరెను.

అటుపిమ్మట అగాధము. స్టిజియన్ అబిస్ అను పాతాళమున ఎనిమిది అంతస్తులు. ప్రతి అంతస్తు తుదిని ఒక వేదిక. అడిగిన గుణము పేరు చెప్పి, తగిన రంగురాయి నుంచినచో క్రిందికి త్రోవ దొరకును. ఒంటరిగా పోవుటకు వీలులేదు. ఎనిమిది గుణములకు ఎనిమిది వృత్తులవారు ఆటగానితో కలిసి ఉండితీరవలెను; గొఱ్ఱెలకాపరి లేకున్న వీరుడు పనికిరాడు. ఇన్ని సంవత్సరముల ఆటల ఆచారమునుబట్టి అడుగున ఒక మహారాక్షసుడుండునని అందరును ఎదురుచూతురు. ఎవ్వడును ఉండడు. సంహరింపవలసిన శత్రువు మొదటినుండియు లేడు. అక్కడ ప్రశ్నలున్నవి. గుణములను గూర్చి, పిదప మూడు తత్త్వములను గూర్చి, చిట్టచివర ఈ సర్వమును తనలో నిముడ్చుకొనినది ఏది అని. సమాధానము అనంతము. తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మమునకు చెప్పిన లక్షణములలో ఈ పదమును ప్రతిదినము పఠించు వైదికునకు కూడ, వేరొక దేశపు పాతాళము అడుగున అది ఎదురగుట ఆశ్చర్యమే.

సమాధానము చెప్పిన పిదప పట్టాభిషేకము లేదు, స్వర్గము లేదు. సాధన జీవితాంతము కొనసాగవలసినదని చెప్పి, నీ లోకమునకు నీవు పొమ్మని ఆట పంపివేయును. ఇక్కడ, పేరు విషయమున పొరబడిన నిర్మాత, అర్థమునకు చేరువగా వచ్చెను: పైకెక్కినవాడు చివరకు దిగవలసియే వచ్చినది.

మూడు సంవత్సరముల అనంతరము 1988లో గారియట్ ఐదవ భాగమును వెలువరించెను. అందు రాజు స్థానమున నిలిచిన బ్లాక్‌థార్న్ అను ప్రభువు ఇవే ఎనిమిది గుణములను శాసనములుగా మార్చి, పాటింపనివారిని క్రూరముగా దండించును. దానము చేయనివాని ఆదాయము పోవును, అబద్ధమాడినవాని నాలుక పోవును. ధర్మము లోపలి నుండి కాక కొరడానుండి వచ్చినప్పుడేమగునో అందు చూడవచ్చును. హైదరాబాదు గృహస్థుడు దానిని దించుకొనియున్నాడు గాని ఇంకను ప్రారంభింపలేదు. గతమాసమున తండ్రికి కుడికంటికి శస్త్రచికిత్స జరిగినది; ఎడమకంటికి వచ్చే పక్షమున జరుగును. కట్టు విప్పిన నాటి సాయంకాలము ఆ వృద్ధుడు పాసుపుస్తకము తెమ్మనలేదు. పోతన భాగవతము తెమ్మనెను.